చిన్నికి పిన్ని రాసిన ఉత్తరం: ఐసీయూలో చేరేముందు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "ఇంతకీ ఇది నర్సు ఉద్యోగమా, డాక్టరు ఉద్యోగమా? పక్కింటావిడ అడుగుతోంది, ఏమని చెప్పను?" అంది. నేను రెస్పిరేటరీ థెరపిస్టుగా, అంటే ఊపిరి అందని పేషెంట్లకి ఊపిరి మిషన్లు చూసే పనిలో, చేరి ఇరవై రెండేళ్లు. నేనేం చేస్తానో మా అక్కకే ఇంకా తెలియదని నిన్నే తెలిసింది. నువ్వేమో అదే డిగ్రీ పూర్తి చేసి, గుంటూరులో ఐసీయూ ఉద్యోగం తెచ్చుకుని, "మొదటిరోజు నాతో ఏం చేయిస్తారు పిన్నీ?" అని అడిగావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను.

చేయించే పనుల జాబితా పెద్దదే. వెంటిలేటర్, బైపాప్ (మాస్కుతో ఊపిరిచ్చే మిషన్), హై ఫ్లో (ముక్కులోకి జోరుగా ఆక్సిజన్ ఇచ్చేది) బిగించడం, రక్తంలో గ్యాసులు చూడటానికి ఏబీజీ తీయడం, సక్షన్ (గొంతులోని కఫం గొట్టంతో లాగేయడం), నెబులైజేషన్, స్కానింగ్‌కి తీసుకెళ్లేటప్పుడు పేషెంట్ వెంట వెళ్లడం, కోడ్ బ్లూ (గుండె ఆగిందన్న అత్యవసర పిలుపు) పిలిస్తే తల దగ్గర నిలబడటం. కొన్నిచోట్ల పీఎఫ్‌టీ (ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష), బ్రాంకోస్కోపీ (ఊపిరి గొట్టాల్లోకి కెమెరా పంపి చూడటం) కూడా. ఇంకొన్నిచోట్ల నిన్ను 'మిషన్ అమ్మాయి' అంటారు, పోయిన ప్రింటర్ బాగుచేయమని కూడా పిలుస్తారు. నవ్వేసి ఊరుకో. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్ వృత్తుల చట్టం మనల్నీ లెక్కలోకి తీసుకుంది, పేరు నెమ్మదిగా నిలబడుతుంది. చేరగానే మాత్రం మీ యూనిట్ ప్రోటోకాల్ కాగితం అడిగి తీసుకో. సెట్టింగుల్లో ఏది నువ్వు సొంతంగా మార్చవచ్చు, ఏది డాక్టర్ ఆర్డర్ లేకుండా ముట్టుకోకూడదు అనేది నోటిమాటగా వద్దు, రాసి ఉన్నదే చూసుకో.

ఇక అసలు సంగతి. కాలేజీలో నీకు వెంటిలేటర్ పెట్టడం నేర్పారు. మోడ్‌లూ గ్రాఫులూ నాకంటే నీకే బాగా వచ్చి ఉంటాయి. ఆస్పత్రిలో మాత్రం మనం ఉన్నది దాన్ని తీయించడానికి. ట్యూబు గొంతులోకి దిగిన నిమిషం నుంచి, ఇది ఎప్పుడు బయటికొస్తుందా అని ఆలోచించే మనిషి ఒకరు ఆ మంచం దగ్గర ఉండాలి. డాక్టరుకి బోలెడుమంది పేషెంట్లు, నర్సుకి మందులు, డ్రిప్పులు, చార్టులు. మిగిలింది నువ్వే. ట్యూబు ఉన్న రోజల్లా ఛాతీలోకి ఇన్ఫెక్షన్ దిగే భయం ఉంటుంది. ఊపిరి కండరాలు కూడా పని లేక నీరసపడిపోతుంటాయి.

అన్నిటికంటే ముందు ఒక దర్జీ టేపు జేబులో పెట్టుకో. నవ్వకు. ఊపిరితిత్తుల సైజు ఎత్తును బట్టి ఉంటుంది. మనిషి ఒళ్లు చేసినంత మాత్రాన అవి పెరగవు. ఐదడుగుల ఆవిడ, బరువు 82 కిలోలు అనుకో. కేస్‌షీట్లో బరువు చూసి కిలోకి 6 మిల్లీలీటర్లు లెక్కేస్తే ఒక్కో ఊపిరికి 490 పైనే వస్తుంది. ఎత్తును బట్టి చూస్తే లెక్కలోకి రావాల్సిన బరువు 45.5 కిలోలే, అంటే 270 చాలు. దాదాపు రెట్టింపు తేడా! అంత గాలి కొడితే మనమే ఊపిరితిత్తులు పాడుచేసినవాళ్లమవుతాం. అమెరికాలో ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు ఉన్నట్టుండి తీవ్రంగా దెబ్బతినే జబ్బు) పేషెంట్ల మీద చేసి, 2000లో ఫలితాలు ప్రకటించిన పెద్ద ట్రయల్‌లో కిలోకి 12 బదులు 6 ఇచ్చారు. మరణాలు 39.8 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి. కొత్త మందేమీ లేదు, గాలి తగ్గించారంతే. అయినా ఇప్పటికీ చాలా కేస్‌షీట్లలో ఎత్తు గడి ఖాళీగా ఉంటుంది, లేకపోతే పేషెంట్‌తో వచ్చిన అటెండర్ "ఐదున్నర ఉంటాడండీ" అన్న మాటే అక్కడ రాసి ఉంటుంది. కాళ్లు చాపించి, తల నుంచి మడమ దాకా నువ్వే కొలువు. ఆ తర్వాత ప్లాటో ప్రెషర్ (గాలి లోపలికి వెళ్లి ఆగినప్పుడు ఊపిరితిత్తుల్లో ఉండే ఒత్తిడి) 30 దాటకుండా కాపలా కాయి.

డ్యూటీ ఎక్కగానే స్క్రీన్ మీద అంకెలు రాసుకోవడం మొదలుపెట్టకు. ముందు మంచం పక్కన అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరిచ్చే సంచి), మాస్క్ ఉన్నాయా, సక్షన్ లాగుతోందా చూడు. ట్యూబు మీద పెదవి దగ్గర ఏ అంకె ఉందో చూడు. ఆడవాళ్లకి 21, మగవాళ్లకి 23 అటూఇటూగా ఉండాలి. నిన్న 22 ఉన్నది ఈరోజు 25 అయిందంటే ట్యూబు ఒక పక్క ఊపిరితిత్తిలోకే దిగి ఉండొచ్చు, స్టెతస్కోప్ తీసి రెండు పక్కలా విను. చెమటకి ప్లాస్టర్ ఊడొస్తుంది, మీసాలున్నవాళ్లకి మరీను. గొంతులో ట్యూబు చుట్టూ గాలితో ఉబ్బే కఫ్ ప్రెషర్ 20 నుంచి 30 మధ్య ఉండాలి. బయట వేలాడే దాని బెలూన్ని వేలితో నొక్కి "సరిపోయింది" అనేసే సీనియర్లు నీకు తగులుతారు. వాళ్లతో వాదన పెట్టుకోకు, నువ్వు మాత్రం మీటర్ పెట్టి చూసుకో. తల వైపు మంచం 30 డిగ్రీలు లేచి ఉండాలి. ఎక్స్‌రే తీసినవాళ్లు దించేసి అలాగే వదిలేసి పోతారు.

అలారం సంగతి. సైలెంట్ బటన్ నొక్కడం పెద్ద వ్యసనం, చిన్నీ. ఎందుకు మోగిందో తెలియకుండా నొక్కకు. ఒక రాత్రి మత్తుమందు మీద ఉన్న పేషెంట్‌కి ఊపిరి రేటు నిమిషానికి 34 చూపిస్తోంది. నర్సు మత్తు పెంచడానికి సిరంజి పంప్ దగ్గరికి వెళ్లింది కూడా. నేను దుప్పటి తీసి చూశాను. మెడ కండరాల్లో కదలిక లేదు, పొట్ట తనంతట తాను లాగట్లేదు. ఆయన ఊపిరి అడగట్లేదు, మిషనే అడిగాడనుకుని కొడుతోంది. గొట్టం వంపులో నీళ్లు నిలిచి గుడగుడ కదులుతున్నాయి, ఆ కదలికనే మిషన్ ఊపిరి అనుకుంది. నీళ్లు పేషెంట్ వైపు పోకుండా వంచి పారబోస్తే రేటు 16కి దిగింది. మత్తు పెంచి ఉంటే ఆయనకి ఇంకో రెండు రోజులు ట్యూబు ఉండేది. పేషెంట్ ఉన్నట్టుండి చెడితే మాత్రం ఆలోచిస్తూ నిలబడకు. మిషన్ ఊడదీసి అంబూతో ఊపిరివ్వు. ట్యూబు జరిగిందా, మూసుకుపోయిందా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా, మిషన్ పాడైందా అని వరసగా చూసుకో.

ఇక నేను చేసిన వెధవ పని ఒకటి చెప్తాను, నువ్వు చేయకుండా ఉంటావని. చేరిన రెండో ఏడు, పేషెంట్‌ని సీటీకి తీసుకెళ్లాలి. "సిలిండర్ నిండుగా ఉంది మేడమ్" అన్నాడు వార్డ్ బాయ్. గేజ్ చూడకుండా బయల్దేరాను. స్కాన్ మధ్యలో ముల్లు ఎరుపులోకి వచ్చేసింది. సీటీ గదిలో గోడ ఆక్సిజన్ అవుట్‌లెట్ ఉంది గానీ, నా దగ్గరున్న గొట్టం దానికి పట్టలేదు. ఉత్త గాలితోనే అంబూ నొక్కుకుంటూ లిఫ్టు కోసం నిలబడ్డాను. శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 81. ఆ లిఫ్టు మూడో అంతస్తులో ఆగి తలుపు తీసి మూసిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పేషెంట్ బతికాడు. తప్పు మాత్రం వార్డ్ బాయ్‌ది కాదు, నాది.

లెక్క చాలా తేలిక. బీ టైప్ సిలిండర్లో పది లీటర్ల నీళ్లు పడతాయి. గేజ్ 150 చూపిస్తే 1500 లీటర్ల ఆక్సిజన్, 50 చూపిస్తే 500. నిమిషానికి 15 లీటర్లు పోనిస్తే 500 లీటర్లు ముప్పై మూడు నిమిషాలు. వెళ్లి రావడానికి అరగంట అనుకుంటే గంటకు సరిపడా ఉంటేనే కదులు. సిలిండర్ తాళం చెవి మెళ్లో కట్టుకో. ఒకవేళ అన్నీ మొండికేసినా నీ చెయ్యి ఉంది. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో వచ్చినప్పుడు వందల మంది మెడికల్ విద్యార్థులు వంతులు వేసుకుని, వారాల తరబడి చేత్తో సంచి నొక్కి జనాన్ని బతికించారు. కంగారులో మాత్రం గబగబా నొక్కేస్తాం. అయిదారు సెకన్లకి ఒకసారి, ఛాతీ లేచేదాకా, అంతే.

గుంటూరు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. పల్నాడు వైపు నుంచి పురుగుమందు కేసులు వస్తాయి. మొదటి రోజు కఫం, చెమట, సక్షన్‌తో నీ చేతులు ఖాళీ ఉండవు. రెండో రోజుకి తెరిపిన పడినట్టు కనిపిస్తారు, ఇంట్లోవాళ్లు వార్డుకి మార్చమంటారు. అసలు భయం అప్పుడే. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు, వాటితోపాటు ఊపిరి కండరాలు చచ్చుబడవచ్చు. అందుకే పూటకోసారి "దిండు మీద నుంచి తల ఎత్తు నాయనా" అని అడుగు. పొద్దున ఎత్తినవాడు సాయంత్రం ఎత్తలేకపోతే శాచురేషన్ 98 ఉన్నా సరే వెంటనే డాక్టర్‌కి చెప్పు. కట్లపాము కాటు పేషెంట్లయితే కనురెప్ప కూడా కదపలేరు, చచ్చినట్టే ఉంటారు, కానీ అన్నీ వినపడుతుంటాయి. వాళ్ల మంచం పక్కన "కష్టమే" లాంటి మాటలు ఎవరి నోటా రానివ్వకు. పేరు పెట్టి పిలిచి, సక్షన్ చేస్తున్నానని చెప్పి చెయ్యి.

రాత్రి మూడింటికి డ్యూటీ డాక్టర్‌ని లేపినప్పుడు "సార్, పేషెంట్ బాలేదు" అంటే విసుక్కుంటారు, వాళ్ల తప్పు కాదు. "ఆరో బెడ్, రేటు 38, మెడ కండరాలు లాగుతున్నాయి, శాచురేషన్ గంటలో 95 నుంచి 89కి పడింది, ఏబీజీలో కార్బన్ డయాక్సైడ్ 62, మీరొచ్చి చూడాలి" అను. దిగి వస్తారు.

ట్యూబు తీసే రోజు నాకు పండగ. పొద్దున మత్తు ఆపించి, కళ్లు తెరిచి మాట వింటున్నారో లేదో చూసి, అరగంట సొంతంగా ఊపిరి తీసుకోనిస్తాం. నిమిషానికి ఊపిరి రేటుని, ఒక్కో ఊపిరికి పీల్చే గాలి లీటర్లతో భాగించు. 25ని 0.35తో భాగిస్తే 71, ఇది ఆశ పెట్టుకోదగ్గ అంకె. 105 దాటితే అనుమానించాలి. కానీ అంకె ఒక్కటే చూసి తీసేయకు. దగ్గమను, దగ్గులో జోరు ఉందా, గళ్ల ఎంతుంది, గంటకి ఎన్నిసార్లు సక్షన్ పడుతోంది, ఇవి చూసుకోవాలి. ట్యూబు తీయగానే అందరూ అడిగేది నీళ్లే. మింగడం ఎలా ఉందో చూడకముందే ఇవ్వకు, జాలిపడి అటెండర్ కూడా ఇవ్వకుండా చూసుకో. పెదవులు తడిపితే చాలు.

వార్డులో ఇన్హేలర్లు నేర్పే పని వస్తుంది. ఐసీయూ చూశాక అది చిన్నతనంగా అనిపిస్తుంది, అనిపించనివ్వకు. మూడుసార్లు ఆయాసంతో చేరిన పెద్దాయన ఒకాయన ఉండేవారు. మందు రోజూ వాడుతున్నానని ఒట్టు వేసేవారు. "ఎలా వాడతారో చూపించండి బాబాయ్ గారూ" అన్నాను. రోటాహేలర్‌ని (క్యాప్సూల్లోని పొడిని పీల్చే పరికరం) పక్కన పెట్టి, క్యాప్సూల్ నోట్లో వేసుకుని మంచినీళ్లు తాగేశారు! అప్పటిదాకా ఎవరూ చూపించమని అడగలేదు, వేసుకుంటున్నారా అనే అడిగారు. పొడి మందైతే గట్టిగా, జోరుగా పీల్చాలి. పఫ్ అయితే స్పేసర్ (పఫ్‌కి తగిలించే డబ్బా లాంటి గొట్టం) పెట్టి నిదానంగా పీల్చి పది సెకన్లు బిగబట్టాలి. స్టెరాయిడ్ ఉంటే నోరు పుక్కిలించాలి. చెప్పడం కాదు, వాళ్ల చేత చేయించి చూడు. పొగ తాగేవాళ్ల, కట్టెల పొయ్యి ముందు జీవితం గడిపిన అమ్మమ్మల పాత ఆయాసంలో శాచురేషన్ 88 నుంచి 92 చాలు. కొడుకు కంగారుపడి 100 చూపించమంటే ఆక్సిజన్ తిప్పేయకు.

అటెండర్లు నీ చెయ్యి పట్టుకుని అడుగుతారు, "వెంటిలేటర్ పెట్టారంటే ఇక అయిపోయినట్టేగా అమ్మా?" అని. చాలామంది ఇళ్లకి నడిచి వెళ్లారని చెప్పు, అది నిజమే. వాళ్ల మనిషి నడుస్తాడా లేదా అన్నది మాత్రం డాక్టర్ చెప్పాల్సిన మాట, నువ్వు చెప్పకు.

స్టెతస్కోప్‌కి నీ పేరు ప్లాస్టర్ వేసుకో, ఐసీయూలో వాటికి కాళ్లొస్తాయి. నైట్ డ్యూటీకి పెరుగన్నం పట్టుకెళ్లు. మీ అమ్మకి, మనుషులకి ఊపిరి తీసుకోవడం మళ్లీ అలవాటు చేసే ఉద్యోగం అని చెప్పాను, "ఆ, అలాగే చెప్తాలే" అంది, ఏం చెప్తుందో ఏమో. టేపు నువ్వు కొనవని తెలుసు. ఈ కవర్లోనే పెట్టాను. 152 దగ్గర పెన్ను గీత ఉంటుంది, ఐదడుగులు.

మీ పిన్ని