ఏడాదిన్నర బాబుకి నీళ్ల విరేచనాలు, ఇంట్లో ఏం చేయాలి?

మీ బాబుకి నిన్నటి నుంచి ఐదారుసార్లు నీళ్లలా మోషన్స్ అయ్యాయి, పాలు తాగినా కక్కేస్తున్నాడు, ఇంట్లోనే తగ్గించవచ్చా అని అడిగారు. మా పాపకి ఇరవయ్యో నెలలో ఇలాగే అయింది. అప్పుడు నేను రెండు తప్పులు చేశాను, అవి మీరు చేయకండి.

మెడికల్ షాపులో ఓఆర్ఎస్ (ఒంట్లోంచి పోయిన నీరు, లవణాలు తిరిగి అందించే మందు) అడిగితే ఆపిల్ రుచి ఉన్న టెట్రా ప్యాక్ ఇచ్చారు. పాప ఇష్టంగా తాగింది, మోషన్స్ ఇంకా ఎక్కువయ్యాయి. పంచదార అంత ఎక్కువగా ఉంటే పేగుల్లోకి నీరు లాగేస్తుందని తర్వాత మా డాక్టర్ చెప్పారు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకులకు ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదంది. ఆవిడకి ప్రతి తల్లీ రుణపడి ఉంటుంది. ఏదేమైనా, కొనేటప్పుడు ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి.

రెండోది, లీటర్ నీళ్లకి సరిపోయే ఓఆర్ఎస్ ప్యాకెట్‌లోంచి కొంచెం పొడి తీసి గ్లాసు నీళ్లలో కలిపాను. అలా చేస్తే ఉప్పూ తీపీ పాళ్లు తప్పుతాయి. మొత్తం పొడి ఒకేసారి కాచి చల్లార్చిన లీటర్ నీళ్లలో కలపాలి. 24 గంటలు దాటితే పారబోసి మళ్లీ కలుపుకోవాలి.

గ్లాసుతో పట్టిస్తే పాప అంతా కక్కేసింది. పది నిమిషాలు ఆగి చెంచాతో మొదలుపెట్టాం. మా అత్తమ్మ ఒళ్లో పెట్టుకుంటే, నేను ఫోన్‌లో టైమ్ చూసుకుంటూ రెండు మూడు నిమిషాలకో చెంచా పోశాను. పెదవులు ఎండి తెల్లగా పొరలు లేచాయి, చెంచా తగిలితే చాలు నాలుక చాపేది. తెల్లవారుజామున డైపర్ పట్టుకుంటే బరువుగా తగిలింది. అప్పుడు ఏడ్చేశాను. వాంతి తగ్గాక, మోషన్ అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు తాగించండి. రెండేళ్ల లోపు పిల్లలకి ఇది లెక్క.

లంఖణం పరమౌషధం అంటారు గానీ ఈ వయసు పిల్లల్ని పస్తు ఉంచకూడదు. తల్లిపాలు మానొద్దు. మెత్తగా పిసికిన పెరుగన్నం, అరటిపండు, పెసరకట్టు, కొంచెం ఉప్పేసిన గంజి, ఏది తింటే అది కొంచెం కొంచెంగా పెట్టండి. జింక్ గురించి డాక్టర్‌ని అడగండి. మా పాపకి రోజుకి 20 మిల్లీగ్రాములు, 14 రోజులు రాశారు, మోషన్స్ ఆగినా మధ్యలో మానొద్దన్నారు. మోషన్స్ ఆపే మాత్రలు మాత్రం సొంతంగా అస్సలు వేయకండి.

ఆరు గంటలు పాస్ పోయకపోయినా, ఏడుస్తుంటే కన్నీళ్లు రాకపోయినా, కళ్లు లోపలికి పోయినా, మగతగా ఉన్నా, మోషన్‌లో రక్తం కనిపించినా, చెంచాతో పోసింది కూడా నిలవకపోయినా ఇంట్లో ఒక్క నిమిషం ఆగొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంతకీ బాబు పొద్దుటి నుంచి ఎన్నిసార్లు పాస్ పోశాడు? ముందు అది చూసి చెప్పండి.