నాగమ్మ దాకలో ఉన్నదేమిటి?

చిరంజీవికి,

నీ కథ అందింది. తుఫాను గాలి గురించి రాసిన పేరా బాగుంది. మూడో పేజీలో మాత్రం ఆగిపోయాను. 1970లనాటి కోనసీమ పల్లెలో, కొడుకు కోసం ఎదురుచూస్తూ నాగమ్మ 'ఫిష్ కర్రీ' వండిందా?

ఇంగ్లీషు మాట మీద నాకేం పగ లేదు. సందు చివర కర్రీ పాయింటులో పప్పు, వేపుడు, సాంబారు ఏది కట్టించుకొచ్చినా 'కర్రీలు తెచ్చా' అనే అంటాం. ఇప్పటి హైదరాబాద్ కుర్రాడి కథ రాస్తే, వాడు అలాగే అనాలి కూడా. 1747లో లండన్‌లో అచ్చయిన హన్నా గ్లాస్ వంటల పుస్తకంలోనే కర్రీ ఉంది. కోడి గానీ కుందేలు గానీ తెచ్చుకుని, ధనియాలు శుభ్రమైన పార మీద వేయించమంటుందావిడ! పోనుపోను అక్కడ మసాలా పడి కాస్త తడిగా ఉన్నదల్లా కర్రీ అయిపోయింది.

నాగమ్మ వండింది పులుసా, ఇగురా? ఇగురైతే నీరు ఇంకేదాకా పొయ్యి దగ్గరే ఉండాలి, లేకపోతే అడుగంటుతుంది. పులుసైతే ముక్కలు వేశాక గరిటె పెట్టకూడదు, చితికిపోతాయి. మసిగుడ్డతో దాక అంచులు పట్టుకుని కుదిపి తిప్పాలి. వాకిట్లో చప్పుడైనప్పుడు ఆవిడ చేతులు ఎక్కడున్నాయి? నీకు తెలీదు. అందుకే 'ఆందోళనగా చూసింది' అని రాసి తప్పించుకున్నావు. పైగా చేపల పులుసు మర్నాటికి ముక్కకు పట్టి ఇంకా బాగుంటుంది. నీ కథలో కొడుకు వచ్చేది మర్నాడు పొద్దున్నే కదయ్యా!

నా తొలి రోజుల్లో ఒక వారపత్రిక సంపాదకుడు నా కథలో 'ఇగురు' కొట్టేసి 'కూర' అని పెట్టాడు. అన్ని జిల్లాలవాళ్లకీ అర్థం కావాలట. ఆ కథలో మొగుడూ పెళ్లాల గొడవే ఇగురు మాడటం మీద! పారితోషికం ఎగ్గొట్టినందుక్కూడా అంత ఒళ్లు మండలేదు. ఇప్పుడేమో గాలి ఎదురు తిరిగింది. మాండలికం పేరుతో పేజీకి పది వంటకాలు, ఒక్కటీ పొయ్యెక్కదు. అదీ చేయకు.

పోటీలకు పంపనా, పుస్తకం ఎవరు వేస్తారు అని అడిగావు. తర్వాత చూద్దాం. ముందు నీ చేత్తో ఒకసారి పులుసు పెట్టి, ఆ పేజీ తిరగరాసి పంపు. అన్నట్టు చేప పేరూ రాయలేదు. గోదావరి కదా అని పులస అనేవు సుమా. అది వరద నీటికి ఎదురీదుతూ వచ్చేది వానాకాలంలో, నీ తుఫాను నవంబరులో.