పోతే రెండున్నర గంటలు, వస్తే అయిదు గంటలా?

ప్రశ్న: మాస్టారూ, మా కుర్రాడు వెల్డింగు పనికి దుబాయ్ వెళ్తున్నాడు. ఏజెంటు ఇచ్చిన టికెట్లో శనివారం 00:40కి హైదరాబాద్‌లో బయల్దేరి 3:10కి దుబాయ్‌లో దిగుతుందని ఉంది. తిరుగు టికెట్ మాత్రం రాత్రి 10కి దుబాయ్, 3 గంటలకు హైదరాబాద్. పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు అయిదు గంటలా? ఏజెంటు మోసం చేశాడేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, పలాస

జవాబు: టికెట్‌లో తేడా ఏమీ లేదమ్మా. ఏ ఊళ్ళో ఎక్కితే, ఏ ఊళ్ళో దిగితే అక్కడి గడియారం టైమే టికెట్ మీద వేస్తారు. మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తుంది, దుబాయ్‌ది 60 డిగ్రీల లెక్క. రెంటికీ తేడా 22.5 డిగ్రీలు. 15 డిగ్రీలకు ఒక గంట కాబట్టి వాళ్ళు మనకంటే గంటన్నర వెనక. ఆ గంటన్నర పోయేటప్పుడు కలపండి, వచ్చేటప్పుడు తీసెయ్యండి. పోవడానికి నాలుగు గంటలు, రావడానికి మూడున్నర. మీరు ఎక్కువనుకున్న తిరుగు ప్రయాణమే తక్కువ!

ఆ అరగంట మిగిలేది గాలి వల్ల. విమానాలు తిరిగే పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున ఏడాదిలో ఎక్కువ నెలలు పడమటి గాలులు గట్టిగా వీస్తాయి, చలికాలంలో మరీ జోరు. అటు పోతే ఎదురుగాలి, ఇటు వస్తే వాలుగాలి. బారువ తీరంలో పడవ నడిపేవాళ్ళకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. హైదరాబాద్, దుబాయ్ మధ్య దూరం గాల్లో సుమారు 2,550 కిలోమీటర్లు. గంటకు 850 చొప్పున మూడు గంటలు చాలాలి గానీ, రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం కూడా టికెట్ టైములో కలిపే ఉంటాయి. పలాసలో సాయంత్రం రైలెక్కితే మర్నాడు పొద్దుటికి గాని సికింద్రాబాద్ రాదు. దానిముందు ఇదెంత!

మీరు అడగనిది ఒకటి చెప్తాను, అసలు జాగ్రత్త అక్కడే. శనివారం 00:40 అంటే శుక్రవారం అర్ధరాత్రి దాటాక నలభై నిమిషాలకు. శనివారం రాత్రి శంషాబాద్ వెళ్తే ఫ్లయిట్ వెళ్ళిపోయి దాదాపు ఒక రోజయి ఉంటుంది. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకల్లా కుర్రాడు ఎయిర్‌పోర్టులో ఉండాలి. అంటే గురువారం సాయంత్రమే మీ ఊళ్ళో రైలెక్కించండి. తిరుగు టికెట్లో 3 పక్కన చిన్నగా +1 అని ఉందేమో చూడండి, మర్నాడు దిగుతాడని దానర్థం.

ఏజెంటు సంగతి టికెట్ టైముల్లో తేలదు. అతనికి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో విదేశాలకు పనికి వెళ్ళేవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో చూపించుకోండి. కుర్రాడు పదో తరగతి పాసవకపోతే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి విదేశం వెళ్ళడానికి ప్రభుత్వ అనుమతి కూడా కావాలి. అన్నట్టు, తెల్లవారి అయిదింటికి లేచి ఫోన్ చెయ్యకండి, అక్కడ మూడున్నరే.