నాన్నగారి యెజ్డీకి వేరే ఇంజిన్ బిగించవచ్చా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్నగారి 1992 మోడల్ యెజ్డీ రోడ్‌కింగ్ మోటార్‌సైకిల్ ఏళ్ల తరబడి పశువుల కొట్టంలో పడి ఉంది. ఆయన 2011లో పోయారు. ఆర్‌సీ బుక్ ఇంకా ఆయన పేరు మీదే ఉంది, దాని గడువు 2007లోనే తీరింది. ఇప్పుడు నేనే ఇంట్లో విప్పి బాగుచేస్తున్నాను. ఇంజిన్ పట్టేయడంతో పాత సామాన్ల వ్యాపారి దగ్గర అదే మోడల్ ఇంజిన్ కొన్నాను, బిల్లు ఇవ్వలేదు. నలుపు బండికి ఎరుపు రంగు వేయించాలని ఉంది. రోడ్డెక్కితే సీజ్ చేస్తారని మా బావ అంటున్నాడు. వారసులం అమ్మ, అక్క, నేను. ఏం చేయాలి?

జవాబు: ఇంట్లో విప్పి బాగుచేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రోడ్డెక్కించాలంటేనే కాగితాలు కావాలి. మీ బావగారి మాట కొట్టిపారేయకండి, ముఖ్యంగా ఆ ఇంజిన్ విషయంలో.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ అయినా సరే, మార్చాలంటే ఆర్టీవో అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా మారిస్తే సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. మీరు అనుమతి అడిగితే మొదట వచ్చే ప్రశ్న ‘ఇంజిన్ ఎక్కడిది?’ అనే. బిల్లు లేదు. అది దొంగ బండిదని తేలితే, తెలిసి కొన్నారనో, అనుమానించాల్సిన పరిస్థితిలో కొన్నారనో భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద మీ మీదికి కేసు రావచ్చు. అందుకని ముందు ఆ వ్యాపారి దగ్గరికే వెళ్లండి. బిల్లు, ఆ ఇంజిన్ ఏ బండిదో దాని ఆర్‌సీ కాపీ అడగండి. ఇవ్వనంటే ఇంజిన్ తిరిగిచ్చేయండి.

కాగితాలు దొరికినా నా సలహా ఒకటే. ఇంజిన్ నంబరు ఉండేది క్రాంక్‌కేస్ మీద, అంటే ఇంజిన్ కింది భాగంలోని లోహపు పెట్టె మీద. మీ పాత క్రాంక్‌కేస్ పగలకుండా ఉంటే దాన్నే ఉంచి, కొన్నదాంట్లోని క్రాంక్, పిస్టన్, సిలిండర్ అందులో వేయించండి. నంబరు మారదు కాబట్టి సెక్షన్ 52 తలనొప్పి తప్పుతుంది. మంచి మెకానిక్ చేయగలిగిన పనే ఇది.

ఇంకో జాగ్రత్త. ఫ్రేముకు పౌడర్ కోటింగ్ వేయించేటప్పుడు చాసిస్ నంబరు ఉన్న చోట టేపు వేయించండి. తనిఖీ చేసే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) ఆ అంకెల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీస్తారు. మందపాటి పూత కింద అంకెలు కనిపించకపోతే పని అక్కడే ఆగిపోతుంది. అరిగిపోయాయని కొత్తగా పంచ్ కొట్టించారంటే ఫోర్జరీ కేసు దాకా వెళుతుంది. ఎవరు చెప్పినా ఆ పని చేయకండి.

రంగుకు ఇంత టెన్షన్ అక్కర్లేదు. ఆర్‌సీలో రంగు నమోదై ఉంటుంది కాబట్టి మార్చాక అక్కడా మార్పించుకోండి.

పేరు మార్పిడికి ఫారం 31 వేయాలి. నిజానికి నాన్నగారు పోయిన మూడు నెలల్లోపు వేయాల్సింది. ఇప్పుడు వేసినా తీసుకుంటారు, కాకపోతే ఆలస్య రుసుము కట్టాలి. డెత్ సర్టిఫికెట్, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మీ పేరు మీద మార్చడానికి అమ్మగారు, అక్కగారు సంతకాలు చేసిన నిరభ్యంతర పత్రం జతచేయండి. హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబమైతే, నాన్నగారు వీలునామా రాయకపోతే, బండిలో ముగ్గురికీ సమాన వాటా ఉంటుంది. అందుకే ఆ సంతకాలు.

రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు ఫారం 25 వేయాలి. 20 ఏళ్లు దాటిన టూవీలర్‌కు ఫీజు 2025 ఆగస్టులో 2,000 రూపాయలకు పెంచారు. ఆలస్యానికి నెలకు 300 చొప్పున అదనం, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. మొత్తం ఎంతవుతుందో ముందే ఆర్టీవో ఆఫీసులో లెక్క కట్టించుకోండి. పాత పుస్తకం కాబట్టి మీ నంబరు కంప్యూటర్‌లోకి ఎక్కిందో లేదో కూడా అప్పుడే చూపించుకోండి. ఈ రెండూ తేలాకే నికెల్ ప్లేటింగుకు డబ్బు పెట్టండి. రెన్యూ అయితే ఐదేళ్లు చెల్లుతుంది.

వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి ఎవరైనా చెబితే నమ్మకండి. దానికి 50 ఏళ్లు దాటాలి, మీ బండికి 2042 దాకా ఆ అర్హత రాదు.

రెన్యూవల్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ రెండూ చేతికొచ్చేదాకా ట్రయల్ పేరుతో కూడా రోడ్డు మీదికి తీయకండి. ఇన్సూరెన్స్ లేకుండా ఎవరినైనా గుద్దితే పరిహారం మొత్తం మీరే కట్టుకోవాలి. తనిఖీకి బండిని ట్రాలీ ఆటోలో తీసుకెళ్లండి.