రెండు రూపాయల వడ్డీకి తెచ్చి విమానం ఎక్కాలా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. హైదరాబాద్‌లో పనిచేస్తున్నప్పుడు పరిచయమైన ఇంగ్లండ్ అతన్ని ఇంట్లో వద్దన్నా పెళ్లి చేసుకున్నాను. 2022 నుంచి ఇక్కడే ఉంటున్నాను. బాబుకు మూడేళ్లు. పార్ట్‌టైం ఉద్యోగం చేస్తున్నాను, జీతం 1,150 పౌండ్లు ఆయన ఖాతాలోకే వెళ్తుంది. వారానికి 40 పౌండ్లు నా చేతిలో పెట్టి, ఆదివారం రశీదులన్నీ అడుగుతాడు. పోయిన వారం రశీదులో కందిపప్పు కింద పెన్నుతో గీత పెట్టి, ‘ఇది ఎవరి కోసం?’ అన్నాడు. మొదట్లో వీళ్ల పద్ధతే ఇదేమో అనుకున్నాను. ఎదురు మాట్లాడితే వీసా కాన్సిల్ చేయిస్తానంటాడు. ఇప్పుడు ఇద్దరి పేరునా 18,000 పౌండ్ల లోనుకు సంతకం పెట్టమంటున్నాడు. మా అన్నయ్య ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి 6 లక్షలు తెచ్చి పంపుతానంటున్నాడు. ఆ డబ్బుతో బాబును తీసుకుని చెప్పకుండా వచ్చేయాలని ఉంది. అమ్మ దగ్గర నా బంగారం 25 కాసులుంది, దాన్ని తాకట్టు పెట్టమంటారా?
– పేరు వద్దు, ఇంగ్లండ్

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. మీ ఆయనకు తెలుగు రాదు కాబట్టి ఇది ఆయన కంట పడినా ఫర్వాలేదనుకోకండి. ఫోన్‌లో ఒక్క బటన్ నొక్కితే ఇంగ్లిషులోకి మారిపోతుంది. చదివాక హిస్టరీ తీసేయండి. అక్కడ మీరు ఉంటున్న ఊరు, పనిచేసే చోటు వివరాలు నేను తీసేశాను.

ఇలాంటి ఉత్తరాలకు మామూలుగా విడిగా జవాబిస్తాను. మీది ఇక్కడ ఎందుకు వేశానంటే, కందిపప్పు కింద గీత పెట్టే మొగుడు ఇంగ్లండ్‌లోనే ఉండనక్కర్లేదు. డబ్బు సలహా కోసం నా దగ్గరికి వచ్చే జంటల్లో భార్యను ‘మీ పేరున మీకు మాత్రమే తెలిసిన ఖాతా ఉందా?’ అని అడిగితే చాలామంది భర్త మొహం చూస్తారు. జీతం తెచ్చేవాళ్లు కూడా. ‘ఇద్దరం ఒకటే కదండీ’ అంటారు. ఒకటిగా ఉన్నన్నాళ్లూ ఏ ఇబ్బందీ ఉండదు. రేపు రాత్రి పదింటికి బిడ్డను ఎత్తుకుని బయటికి రావాల్సి వస్తే బస్సు టికెట్‌కు ఎవరిని అడుగుతారన్నదే నా ప్రశ్న.

మీరు ‘వాళ్ల పద్ధతి’ అనుకున్నదాని సంగతి తేల్చేద్దాం. అది ఇంగ్లండ్ పద్ధతి కాదు. 2021లో అక్కడ వచ్చిన గృహహింస చట్టం, మనిషి సంపాదనను, ఖర్చును గుప్పిట్లో పెట్టుకోవడాన్ని కూడా హింసేనని రాసింది. జీవిత భాగస్వామిని అదేపనిగా అదుపులో పెట్టి వేధించడం 2015 నుంచే అక్కడ నేరం, ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. వీసా కాన్సిల్ చేసే అధికారం మీ ఆయనకు లేదు, అది వీసాలు చూసే వాళ్ల ప్రభుత్వ శాఖ హోం ఆఫీసు పని. భార్యగా వచ్చి హింస వల్ల విడిపోవాల్సి వచ్చినవాళ్లు అక్కడే శాశ్వతంగా ఉండేందుకు దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది. దానికి ముందు మూడు నెలలు ప్రభుత్వ సాయం అందుకుంటూ ఉండేందుకు తాత్కాలిక అనుమతీ ఇస్తారు. కాకపోతే ఆ అనుమతి తీసుకుంటే ఇప్పుడున్న వీసా పోతుంది. అందుకని ఇమిగ్రేషన్ లాయరును అడగకుండా ఆ ఫారం ముట్టుకోకండి.

ఇక లోను. ఇద్దరి పేరున తీసుకుంటే మీ వాటా 9,000 అనుకుంటున్నారేమో, కాదు. ఆయన కట్టడం ఆపితే బ్యాంకు మొత్తం 18,000కూ మిమ్మల్నే పట్టుకోవచ్చు. విడాకులైనా ఆ బాధ్యత దానంతటది పోదు. పైగా ఆ సంతకంతో మీ క్రెడిట్ రికార్డు, అంటే అప్పులు ఎలా కడుతున్నారన్న చరిత్ర, ఆయన రికార్డుకు ముడిపడుతుంది. రేపు మీరు అప్పు అడిగిన చోట ఆయన ఎగ్గొట్టిన బాకీలు కూడా చూడవచ్చు. దేనికో చెప్పని అప్పుకు, చేతికి ఒక్క పౌండు రాని అప్పుకు సంతకం పెట్టే ఆడవాళ్లను చూసి చూసి నాకు ఓపిక నశించింది. పెట్టకండి. ‘కాగితాలు పూర్తిగా చదవాలి’ అని రోజులు గడపండి. అయితే వద్దంటే చెయ్యి లేస్తుందన్న భయం ఉంటే మాత్రం సంతకం కన్నా ప్రాణం ముందు. అప్పుడు పెట్టేసి, ఎలా పెట్టించారో తేదీతో సహా ఒక నమ్మకమైన మనిషికి చెప్పి ఉంచండి. బలవంతపు అప్పు మీద పోరాడటానికి తర్వాత దారులున్నాయి.

అన్నయ్య ప్రేమను తప్పు పట్టను, ఆయన లెక్కను మాత్రం పడతాను. 6 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 12,000, ఏడాదికి 1,44,000. అసలు అలాగే కూర్చుని ఉంటుంది. ఈ డబ్బు పోయేది దేనికి? రెండు టికెట్లకు, ఆ తర్వాత లాయర్లకు. పెళ్లయిన తండ్రికి బిడ్డ మీద మీతో సమానంగా హక్కు ఉంటుంది అక్కడ. ఆయన ఒప్పుకోకుండా, కోర్టు అనుమతి లేకుండా బాబును దేశం దాటిస్తే పిల్లల అపహరణ మీద ఉన్న 1984 నాటి చట్టం ప్రకారం నేరం మీ మీద పడుతుంది. ‘ఇండియా హేగ్ ఒప్పందంలో లేదు, ఇక్కడికొస్తే ఎవరూ ఏమీ చేయలేరు’ అని మీకు ఎవరో చెప్పే ఉంటారు. దేశం దాటించిన పిల్లల్ని తిరిగి పంపాలనే ఆ ఒప్పందంలో మనం లేని మాట నిజమే. కానీ మన సుప్రీంకోర్టు 2017లో ఒక కేసులో లండన్ కోర్టు ఆదేశం ఉన్నా బిడ్డను తల్లి దగ్గరే ఉంచింది, 2020లో ఇంకో కేసులో బిడ్డను తిరిగి అమెరికా తీసుకెళ్లమంది. బిడ్డ మేలు ఎక్కడుందో చూసి ఏ కేసుకు ఆ కేసే. హింసకు గురైన మనిషిగా ఈరోజు అక్కడి చట్టం మీ పక్కన ఉంది. విమానం ఎక్కాక అదే చట్టం మిమ్మల్ని వెతుకుతుంది. దానికి నెలకు 12,000 వడ్డీ కట్టడం ఎందుకు?

బాబుతో ఇండియా వచ్చి ఉండాలనే మీ నిర్ణయమైతే అక్కడి ఫ్యామిలీ కోర్టు అనుమతితో రండి. ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని తట్టుకునే డబ్బు ఉందా లేదా అన్నదే ఇప్పుడు అసలు సంగతి.

ఎమర్జెన్సీ ఫండ్, అంటే ఆపదకని విడిగా దాచే డబ్బు అని నేను వాయించే పాట విని విసుక్కునేవాళ్లు ఉన్నారు. విసుక్కోనివ్వండి. మీ విషయంలో లెక్క ఇలా వేశాను. తల్లీబిడ్డలకు ఒక గది నెలకు 800 పౌండ్లనుకుందాం. ఇంగ్లండ్‌లో డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించి అడగకూడదని చట్టం ఉంది, అంటే సుమారు 920. మూడు నెలల అద్దె 2,400. తిండి, బస్సు, ఫోను, బాబు మందులు కలిపి నెలకు 450 చొప్పున 1,350. మొత్తం 4,700 దగ్గర తేలుతుంది. జీతం ఒక్క పైసా రాకపోయినా మూడు నెలలు ఎవరి గడపా తొక్కకుండా గడిచే డబ్బు ఇది. అందులో మొదటి 500 వీలైనంత త్వరగా మీ చేతికి అందాలి.

అది ఎక్కడినుంచి? బంగారంలోంచి. తాకట్టు వద్దు, అమ్మండి. తాకట్టు పెడితే వడ్డీ మళ్లీ అన్నయ్యే కట్టాలి, కట్టలేకపోతే నగ వేలానికి పోతుంది. 25 కాసుల్లో ఈ లెక్కకు సరిపోయినన్ని కాసులు, అవీ వేసుకోని పాత నగలు చూసి అమ్మమని అమ్మకు చెప్పండి. నానమ్మ ఇచ్చిన గొలుసుంటే దాన్ని ముట్టుకోవద్దు. ఆ డబ్బు అమ్మ తన పాన్ కార్డుతో బ్యాంకు నుంచి కూతురి పోషణకని పంపవచ్చు, ఏడాదికి 10 లక్షల లోపైతే టీసీఎస్, అంటే బయటి దేశానికి పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను, పట్టరు. అమ్మకం మీద పన్ను సంగతి ఊళ్లో ఆడిటర్ చూస్తారు. ఆపద కోసమే కదా మన ఇళ్లలో ఆడపిల్లకు బంగారం పెట్టేది! ఇంతకన్నా ఆపద ఇంకేం వస్తుంది?

ఆ డబ్బు పడాల్సింది మీ ఒక్కరి పేరున ఉన్న ఖాతాలో. అక్కడి పెద్ద బ్యాంకులు బేసిక్ అకౌంట్ అని ఇస్తాయి, క్రెడిట్ రికార్డు లేకపోయినా ఇస్తాయి. భర్త సంతకం అక్కర్లేదు. కొంప ముంచేది చిన్న విషయాలే. కార్డు పోస్టులో ఇంటికి వస్తుంది. అందుకని బ్రాంచికి వెళ్లి, అక్కడే వచ్చి తీసుకునే వీలుందా అని అడగండి. కాగితం స్టేట్‌మెంట్లు వద్దనండి. ఆయనకు పాస్‌వర్డ్ తెలియని కొత్త ఈమెయిల్ పెట్టండి. బ్యాంకు యాప్ ఫోన్‌లో వేయకండి. ముఖ్యంగా, జీతాన్ని ఇప్పుడే కొత్త ఖాతాకు మళ్లించకండి. నెలాఖరున 1,150 పడకపోతే ఆ రాత్రే గొడవ. అది ఇల్లు వదిలే వారంలో చేయాల్సిన పని.

ఖాతా కన్నా ముందు చేయాల్సిన ఫోన్ ఒకటుంది. 0808 2000 247. ఇంగ్లండ్ జాతీయ గృహహింస హెల్ప్‌లైన్, ఉచితం, పగలూ రాత్రీ ఉంటుంది, దుబాసీని కూడా పెడతారు. షెల్టర్, ఇమిగ్రేషన్ లాయరు, ఎప్పుడు కదలాలి అన్నవి వాళ్లకు తెలిసినంత నాకు తెలియవు. మీ డాక్టరుతో ఇంట్లో జరుగుతున్నది చెప్పండి, డాక్టరు రాసిచ్చే ఉత్తరం లీగల్ ఎయిడ్‌కు, అంటే ప్రభుత్వ ఖర్చుతో దొరికే లాయరు సాయానికి, రుజువుగా పనికొస్తుంది. అది దొరికితే లాయరు ఖర్చులో చాలా భాగం తప్పుతుంది. లండన్‌లోని మన హైకమిషన్ దగ్గర కూడా భర్త వదిలేసిన భారతీయ స్త్రీలకు సాయపడే నిధి ఉంది, అడిగి చూడండి. పాస్‌పోర్టు, వీసా వివరాలు, బాబు జనన పత్రం, జీతం స్లిప్పులు ఫొటోలు తీసి కొత్త ఈమెయిల్‌కు పంపి ఫోన్‌లోంచి తీసేయండి. ఆ ఆదివారం రశీదులు కూడా. పెన్ను గీతతో సహా.

టర్మ్ ఇన్సూరెన్స్, పెన్షన్ అని అందరికీ చెప్పే మాటలు మీకు ఇప్పుడు వద్దు. విడాకుల దాకా వెళ్తే ఆయన పెన్షన్‌లో కూడా వాటా అడగవచ్చని మాత్రం లాయరుకు గుర్తు చేయండి.

అన్నయ్య ప్రోనోటు రాయకముందే ఆ అప్పు వద్దని అన్నయ్యకు చెప్పాలి. మీ ఫోన్ నుంచి వద్దు, పనిచేసే చోట ఎవరి ఫోనైనా అడిగి తీసుకుని చేయండి.