మొదటి సీక్రెట్ లావాదేవీకి ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

సీక్రెట్ నెట్‌వర్క్ అనే బ్లాక్‌చెయిన్‌లో ఒక కాంట్రాక్టుకు, అంటే చెయిన్ మీద నడిచే ప్రోగ్రాముకు, మొదటిసారి లావాదేవీ పంపబోతున్నానని రాశావు. సంతోషం. "ఇక్కడ అంతా గోప్యమే కదా బాబాయ్" అని కూడా రాశావు. ఆ "అంతా" దగ్గరే నీకు చెప్పాల్సింది ఉంది.

దాగేది నువ్వు కాంట్రాక్టుకు పంపే సందేశం, కాంట్రాక్టు తనలో దాచుకునే వివరాలు, అది నీకు తిరిగిచ్చే జవాబు. సందేశాన్ని నీ వాలెట్ దగ్గరే ఎన్‌క్రిప్ట్ చేస్తారు, అంటే తాళంచెవి లేనివాళ్లు చదవలేని రాతగా మారుస్తారు. వాలిడేటర్ల, అంటే లావాదేవీలను సరిచూసి చెయిన్‌ను నడిపేవాళ్ల, యంత్రాల్లో ఇంటెల్ ఎస్‌జీఎక్స్ అనే రక్షిత భాగం లోపలే దాన్ని విప్పుతారు. ఇక కవరు మీది రాతలాగా నీ అడ్రసు, కాంట్రాక్టు అడ్రసు, ఫీజు, ఖర్చయిన గ్యాస్ (పనికి ఎంత కంప్యూటింగ్ పట్టిందో చెప్పే కొలత), పంపిన సమయం ఎవరికైనా కనిపిస్తాయి. లావాదేవీకి జతచేసే చిన్న నోటు, మెమో కూడా అంతే. అందులో పేర్లూ బిల్లు నంబర్లూ రాయకు.

చాలామంది పొరపడేది డబ్బు దగ్గర. ఈ నెట్‌వర్క్ సొంత నాణెం ఎస్‌సీఆర్‌టీని నేరుగా ఒకరికి పంపితే ఎవరు, ఎవరికి, ఎంత అన్నది మామూలు చెయిన్లలో లాగే బయటపడుతుంది. కాంట్రాక్టుకు సందేశంతో జతచేసిన ఎస్‌సీఆర్‌టీ కూడా కనిపిస్తుంది. అందుకే దాన్ని ముందు స్నిప్-20 పద్ధతిలో ఉండే గోప్య టోకెన్‌గా మార్చుకుంటారు. అయితే మార్చడానికి పెట్టిన మొత్తం, వెనక్కి తీసుకున్న మొత్తం రెండూ బహిరంగమే, మధ్యలో జరిగింది మాత్రమే తెలియదు. 137 పెట్టి, కాసేపట్లోనే ఇంకో అడ్రసులోకి 137 తీస్తే ఆ రెండూ ఒకరివేనని పసిగట్టడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. మొత్తాలు మార్చు, కొంత సమయం పోనివ్వు.

గ్యాస్ సంగతి. ఒక ఎస్‌సీఆర్‌టీ అంటే 10 లక్షల యూ-ఎస్‌సీఆర్‌టీ అనే చిన్న యూనిట్లు, సున్నాలు చూసుకో. గ్యాస్ ఇంతకు మించకూడదని నువ్వు పెట్టే లిమిట్ తక్కువ పెడితే పని జరగదు, ఫీజు మాత్రం పోతుంది. ఎక్కువ పెడితే మిగిలింది తిరిగి రాదు, ఎందుకంటే ఫీజు వేసేది లిమిట్ మీద. ప్రయోగాలకు వాడే టెస్ట్‌నెట్‌లో సిమ్యులేట్ చేసి, అంటే నిజంగా పంపకుండా ఎంత గ్యాస్ పడుతుందో చూసి, వచ్చిన అంకెకు పది శాతం కలిపి అదే కోడ్‌లో పెట్టుకో. అసలు చెయిన్ అయిన మెయిన్‌నెట్‌లో ప్రతిసారీ సిమ్యులేట్ చేస్తూ, నిన్ను చెయిన్‌కు కలిపే కంప్యూటర్ (నోడ్) ఇచ్చినవాళ్ల మీద భారం వేయకు.

సీక్రెట్-జేఎస్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో రాస్తున్నావు కాబట్టి ఇంకో మాట. ఎన్‌క్రిప్షన్ సీడ్, అంటే తాళంచెవులు పుట్టించే రహస్య సంఖ్య, ఇవ్వకపోతే ఆ లైబ్రరీ అప్పటికప్పుడు ఒకటి తయారుచేసుకుంటుంది. అది పోయిందంటే నీ లావాదేవీని రేపు నువ్వే చదవలేవు. ఎందుకు ఫెయిలైందో చెప్పే ఎర్రర్ కూడా అర్థంకాని అక్షరాలుగానే కనిపిస్తుంది. అప్పుడు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. కెప్లర్ వాలెట్ వాడుతుంటే ఈ ఎన్‌క్రిప్షన్ పని చూసే దాని ఎనిగ్మా యుటిల్స్‌నే తీసుకో, లేదంటే సీడ్‌ను భద్రంగా దాచుకో.

గోప్య టోకెన్ బ్యాలెన్స్ చూడటానికి మామూలు క్వెరీ, అంటే ఊరికే అడిగే ప్రశ్న, చాలదు, అడిగింది ఎవరో కాంట్రాక్టుకు తెలియదు కదా. దానికి రెండు దారులు: పాస్‌వర్డ్ లాంటి వ్యూయింగ్ కీ, లేదా నువ్వు సంతకం చేసి ఇచ్చే అనుమతి, అదే పర్మిట్. వ్యూయింగ్ కీ పెట్టుకోవాలంటే ఒక లావాదేవీ, ఫీజు కావాలి. పర్మిట్‌కు సంతకం చాలు. నేనైతే పర్మిట్టే వాడతాను, కానీ సంతకం పెట్టే ముందు ఏ కాంట్రాక్టుకు, ఏ అనుమతి ఇస్తున్నావో చదువు. లెక్కలు చూసే ఆడిటర్‌కు చూపించడానికీ ఇవే పనికొస్తాయి. అన్నట్టు, చెయిన్ గోప్యమైనదని పన్ను తప్పదు. 2022 ఏప్రిల్ 1 నుంచి మన దగ్గర క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది, నష్టాలు సర్దుకోవడానికి కూడా వీల్లేదు.

2022లోనే పరిశోధకులు ఎస్‌జీఎక్స్‌లోని లోపం ద్వారా ఈ నెట్‌వర్క్ మాస్టర్ కీని, అంటే అన్నిటినీ విప్పే మూల తాళంచెవిని, బయటికి లాగొచ్చని చూపించారు. దాన్ని సరిచేశారు. కానీ అలాంటి కీ ఎప్పుడైనా బయటపడితే పాత లావాదేవీలను కూడా విప్పొచ్చు, అవి చెయిన్ మీదే ఉంటాయి కాబట్టి. నెలో ఏడాదో దాగితే చాలనుకునేవి పంపు. జీవితాంతం దాగాల్సినవి వద్దు.

ముందు సీక్రెట్ వాళ్ల పల్సర్ టెస్ట్‌నెట్‌లో ఒకటి పంపి, దాని హాష్ (లావాదేవీ గుర్తింపు సంఖ్య) నాకు పెట్టు. బయటివాడిగా నాకు ఏమేం కనిపిస్తున్నాయో చూసి రాస్తాను.

నీ బాబాయ్