కొత్త ర్యాప్‌లో మాటలు అందకపోతే

కాజీపేట నుంచి హన్మకొండ బస్సులో కొత్త ర్యాప్ ఆల్బమ్‌లు వింటుంటే దరువు తప్ప మాట చెవిన పడటం లేదని రాశారు. తప్పు గాయకులది కాదు. ముందు ఫోనులో బాస్ బూస్ట్ (మంద్ర శబ్దాలను పెంచే అమరిక) తీసేయండి. బస్సు రొద కూడా మంద్ర స్థాయి శబ్దమే. రెండూ కలిసి గొంతును మింగేస్తాయి. హల్లుల స్పష్టత ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది కాబట్టి, ఈక్వలైజర్‌లో (ఒక్కో స్థాయి శబ్దాన్ని విడిగా పెంచే, తగ్గించే అమరిక) ఆ మీటను కాస్త పైకి జరపండి. వాల్యూమ్ జోలికి పోవద్దు, చెవులు మీవే!

పరీక్షకు అమెరికా ర్యాప్ జంట క్లిప్స్ సోదరుల 2025 ఆల్బమ్ పెట్టుకోండి. 2009 తర్వాత వారిద్దరి మొదటి ఆల్బమ్ అదే. తొలి పాటలో సోదరుల్లో ఒకరైన పుషా టి తమ తల్లి మరణం గురించి, మరొకరైన మాలిస్ తమ తండ్రి మరణం గురించి చెబుతారు. ఒగ్గు కథలో డోలు ఎంత మోగినా కథకుడి మాట తెలిసినట్టు, అక్కడ ప్రతి పదం తెలుస్తుంది. నా మటుకు ఆ ఏడాది అంత నిజాయితీ ఉన్న పాట మరొకటి వినలేదు. ర్యాపర్ కెండ్రిక్ లమార్ 2024 నవంబరులో చెప్పాపెట్టకుండా విడుదల చేసిన ‘జీఎన్ఎక్స్’ ఆల్బమ్ మాత్రం బస్సుకు పనికిరాదు, ఇంట్లో సాహిత్యం ముందు పెట్టుకుని వినండి.